చందా సైకిలు పుట్టుపూర్వోత్తరాలు

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించింది. అప్పటినుంచి ఏటా ఆ పొద్దున ఊరూరా టీషర్టులు పంచి, జెండా ఊపి సైకిల్ ర్యాలీలు తీస్తున్నారు. ఈ తేదీని ఇంకెక్కడో చదివానని నాకు మనసులో ఒకటే పీకులాట. వెతగ్గా వెతగ్గా దొరికింది. బోస్టన్ నుంచి వెలువడే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక 1948 సంచిక ఒకదాని మీద ఉన్న తేదీ అది. పిల్లల క్యాన్సరు మందుకు లొంగుతుందని లోకానికి గట్టిగా చెప్పిన మొదటి వ్యాసం ఆ సంచికలోదే. ఆ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాలలో తయారైంది. ఆ వ్యాసం రాసిన డాక్టరు పెట్టిన నిధికి ఇవాళ ఏటా కోట్ల డాలర్లు మోసుకొస్తున్నది సైకిళ్లు! తేదీలు కలవడం కాకతాళీయమే. మందూ సైకిలూ కలవడం మాత్రం అలాంటిది కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది.

ఈ సంగతి చదివి భిలాయ్‌లో పెరిగిన మనిషి ఊరుకోలేడు. మాది సైకిళ్ల ఊరు. 1955 ఫిబ్రవరి 2న ఇక్కడి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలయ్యాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు రైళ్లెక్కి వచ్చి ఇక్కడి సెక్టార్లలో కాపురాలు పెట్టారు. ఉద్యోగం దొరికాక కొన్న మొదటి ఆస్తి చాలామందికి సైకిలే. షిఫ్టు మారే వేళ ప్లాంటు గేట్ల ముందు నిలబడితే రోడ్డు కనపడేది కాదు. హ్యాండిల్‌కు క్యారేజీ, వెనక క్యారియర్‌లో ఇరికించిన హెల్మెట్, ప్యాంటు చెయిన్‌లో పడకుండా చీలమండ దగ్గర క్లిప్పు, రాత్రి షిఫ్టు వాళ్లకు గుర్రుమనే డైనమో లైటు. కోక్ ఓవెన్ వాళ్లను ముఖం చూసే పోల్చుకోవచ్చు, అంత నల్లగా వచ్చేవారు. ఇప్పుడా గేట్ల దగ్గర మోటారు సైకిళ్లూ కార్లూ. స్టాండులో ఒక మూలకు మిగిలిన సైకిళ్లు ఎక్కువగా ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసే కూలీలవి.

ఇంకో సైకిలు కూడా ఉండేది. నడివయసు దాటినవాళ్లు ఎవరినడిగినా చెబుతారు. ఊళ్లోని ఖాళీ మైదానంలో సున్నంతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో వెదురు కర్ర పాతి మైకు కట్టి, ఒక కుర్రాడు వారం రోజులు కింద కాలు పెట్టకుండా సైకిలు తొక్కేవాడు. తిండి దాని మీదే. స్నానం దాని మీదే, బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంటూ. గడ్డం గీసుకునేదీ దాని మీదే. సాయంత్రమయ్యేసరికి జనం. హ్యాండిల్ వదిలేసి చేతులు చాపితే చప్పట్లు. అభిమానం ఎక్కువైన వాళ్లు పక్కన పరిగెత్తి రూపాయి నోటును గుండుసూదితో అతని చొక్కాకు గుచ్చేవారు. ఆఖరి రోజుకు చొక్కా కనపడేది కాదు. తెలుగు జిల్లాల్లోనూ తమిళనాడులోనూ హిందీ ఊళ్లలోనూ ఈ ఆట ఒకేలా సాగింది. చాలాసార్లు అది ఆ కుర్రాడి పొట్టకూటి కోసమే. కొన్నిసార్లు మాత్రం మైకులో, ఇంట్లో ఫలానా వాళ్లకు ఆపరేషన్, మీ దయ, అని వినిపించేది. ఇరానీ దర్శకుడు మొహ్సిన్ మఖ్మల్‌బాఫ్ 1980ల చివర సరిగ్గా దీని మీదే ఒక సినిమా తీశాడు. అందులో అఫ్గాన్ నుంచి శరణార్థిగా వచ్చిన ఒకతను భార్య ఆసుపత్రి ఖర్చు కోసం వారం పాటు ఆగకుండా గిరగిరా సైకిలు తొక్కుతాడు. ఆ సినిమా పశ్చిమ దేశాల వాళ్లకు ఉపమానంలా కనిపించి ఉండవచ్చు. మనకు అది చూసిన సంగతే.

ఆ కుర్రాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. ఏ ఊళ్లో ఎన్ని రోజులు తొక్కారో, ఎంత వచ్చిందో, ఆ ఆపరేషన్ జరిగిందో లేదో, ఒక్క లెక్కా మిగల్లేదు. ఒంట్లో ఉన్న ఓపికను నలుగురి ముందు ఖర్చుపెట్టి, అది చూసి కరిగిన నలుగురి డబ్బును రోగికి చేర్చడం అనే పద్ధతి మన మైదానాల్లో ఎవరూ నేర్పకుండానే పుట్టింది. దాన్ని సర్కస్ అనుకుని వదిలేశాం. నాకు ఇది నిజంగా బాధ కలిగించే సంగతి.

ఇంగ్లండులోనూ ఇలాంటి వదిలేసిన చరిత్రే ఉంది. 1885లో స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే రోవర్ సైకిలు తెచ్చాక, పదేళ్లలో అది మామూలు మనుషుల చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే అక్కడి పట్టణాల్లో సైకిల్ క్లబ్బుల వాళ్లు వేషాలు వేసుకుని, సైకిళ్లకు కాగితపు లాంతర్లు కట్టి, రాత్రిపూట ఊరేగుతూ స్థానిక ఆసుపత్రికి చిల్లర పోగుచేసేవారు. తర్వాత రెండు యుద్ధాలు, ఆ పిమ్మట ప్రభుత్వ వైద్యం. లాంతర్లు ఆరిపోయాయి. మధ్యలో ఒక్క 1938 దగ్గర ఆగాలి. పోలియో పరిశోధన కోసం అమెరికా జనాన్ని ఒక్కొక్క డైమ్, అంటే పది సెంట్ల నాణెం, వైట్‌హౌస్‌కు పోస్టులో పంపమని రేడియోలో అడిగారు. దాదాపు 27 లక్షల నాణేలు వచ్చి పడ్డాయి. ధనవంతుడి లక్ష కన్నా లక్షమంది పది సెంట్లు పరిశోధనను నిలబెడతాయని అప్పుడు తేలింది. ఆ పాఠాన్ని శ్రద్ధగా విన్నవాడు బోస్టన్‌లో ఒకాయన ఉన్నాడు.

ఇక బోస్టన్ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. 1923 అక్టోబరులో సుబ్బారావు గారు అక్కడ దిగారు. ఆ ప్రయాణమే చందా డబ్బుతో జరిగింది. మామగారు ఇచ్చింది కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది కొంత. రంగూన్‌లో సంపాదించిన ఒక వ్యాపారి ధర్మానికి రాసిన ఆస్తిలోంచి ఒక బక్కపల్చని డాక్టరు అమెరికా ఓడెక్కాడు. ఆయన వెంట ఇంకో దుఃఖం కూడా ప్రయాణం చేసింది. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా చేసి, రక్తం విరిచి మనిషిని ఎండగట్టే జబ్బు అది. ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

హార్వర్డ్‌లో చదువుకు సీటు దొరికింది కానీ తిండికి డబ్బు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు మోసే పనికి కుదిరారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు! కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టాతో బయటికొచ్చిన మనిషి.

ఆ ఆసుపత్రి పేరు చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. అదే ఆసుపత్రిలో ఆ రోజుల్లో ప్రధాన సర్జన్ హార్వీ కుషింగ్, మెదడు శస్త్రచికిత్సకు పితామహుడని అందరూ చెప్పుకునే ఆయన. పిల్లల చిన్నమెదడులో పుట్టే ఒక దుర్మార్గపు కణితిని వేరుగా గుర్తించి, పెర్సివల్ బెయిలీతో కలిసి దానికి మెడుల్లోబ్లాస్టోమా అని పేరు పెట్టింది కుషింగే. ఆ వ్యాసం వచ్చింది 1925లో. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వెలువడిందీ 1925లోనే. పిల్లల మెదడు కణితికి పేరు పెట్టిన మనిషీ, ఎనభై ఏళ్ల తర్వాత ఆ కణితి మీద పనిచేయబోయే మందును తయారు చేయించబోయే మనిషీ ఒకే కప్పు కింద పనిచేశారు. ఒకరు పగలు ఆపరేషన్ థియేటర్లో, ఒకరు రాత్రి వరండాల్లో.

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని విడదీసి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు కావలసింది అదే. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు పాతికేళ్ల తర్వాత ఆయన చేతిలోంచే వచ్చింది.

ఆ మందు బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ చేతికి చేరింది. ఫార్బర్ రోగులను చూసే డాక్టరు కాదు, శవపరీక్షలు చేసే పాథాలజిస్టు. రక్త క్యాన్సరుతో పోయిన పిల్లలను కోసి చూసి చూసి విసిగిన మనిషి. ఫోలిక్ ఆమ్లం జాతి మందును ఆ పిల్లలకు ఇచ్చి చూశాడు. క్యాన్సరు ఇంకా వేగంగా పెరిగింది. ఇంకొకరైతే అక్కడే ఆపేసేవారు. ఆయన మాత్రం, దీన్ని తిని కణాలు పెరుగుతున్నాయంటే దీన్ని అడ్డుకుంటే మాడాలి కదా అని ఆలోచించి లెడర్లీని అడిగాడు. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లానికి అచ్చు కవలలా కనిపించే ఒక నకిలీని తయారు చేసి పంపింది. దాని పేరు అమినోప్టెరిన్. తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి అది. కణానికి డీఎన్‌ఏ తయారు చేసుకునే దారి మూసుకుపోతుంది.

1947 డిసెంబరు చివరి వారంలో రెండేళ్ల పిల్లవాడికి మొదలుపెట్టారు. కవలల్లో ఒకడు. కొద్ది వారాల్లో పొట్ట తగ్గి, ఆకలి పుట్టి, తోటి కవలతో ఆటలకు దిగాడు. వ్యాసం రాసే నాటికి 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. గుణం కొన్ని నెలలే. ఆ నిజాన్ని వ్యాసం పేరులోనే దాచకుండా పెట్టారు. ఆ పిల్లలు పోయారు. కానీ దానికి ముందు ఏ మందుకూ ఒక్క నెల కూడా వెనక్కి తగ్గని జబ్బు అది.

వ్యాసం అచ్చవడానికి పన్నెండు రోజుల ముందు, 1948 మే 22 రాత్రి, ఫార్బర్ రోగుల్లోని ఒక పన్నెండేళ్ల పిల్లవాడి గదిలో రేడియో మైకు పెట్టారు. హాలీవుడ్ నుంచి రాల్ఫ్ ఎడ్వర్డ్స్ తన కార్యక్రమంలో వాడితో మాట్లాడాడు. పిల్లవాడి అసలు పేరు బయటపెట్టకుండా జిమ్మీ అన్నారు. నీకిష్టమైన బేస్‌బాల్ జట్టు ఏదని అడిగితే బోస్టన్ బ్రేవ్స్ అన్నాడు. ఆ జట్టు ఆటగాళ్లు తలుపు తోసుకుని ఒక్కొక్కరే గదిలోకి వచ్చారు, బ్యాటు, బంతి, చొక్కా పట్టుకుని. పక్కన పియానో. అందరూ కలిసి బేస్‌బాల్ పాట అందుకున్నారు, పిల్లవాడి గొంతు శ్రుతి తప్పుతూ అందరికన్నా గట్టిగా. మీరు డబ్బు పంపితే జిమ్మీ మ్యాచులు చూసుకోవడానికి ఒక టీవీ కొనిస్తామని ఎడ్వర్డ్స్ అడిగాడు. 2 లక్షల 31 వేల డాలర్లు వచ్చాయి. టీవీ కొన్నారు. మిగిలినదే జిమ్మీ ఫండ్.

జిమ్మీ చనిపోయి ఉంటాడనే లోకం అనుకుంది. 1998లో, సరిగ్గా 50 ఏళ్లకు, ఎయినార్ గుస్తాఫ్‌సన్ అనే లారీ డ్రైవరు, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో బంగాళదుంపల రైతుల ఊరివాడు, అది నేనే అని బయటికొచ్చాడు. పిల్లలూ మనవలూ ఉన్న పెద్దమనిషి. 2001 దాకా బతికాడు.

సుబ్బారావు గారికి అంత ఆయుష్షు లేదు. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, పెర్ల్ రివర్‌లో నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు. భార్య శేషగిరి గారు ఆయన్ను ఓడెక్కించాక మళ్లీ చూడలేదు. జిమ్మీ ఫండ్ కథ చెప్పేవాళ్లలో ఎందరు ఆయన పేరెత్తుతారు? మనమైనా, 1995లో శతజయంతికి ఒక తపాలా బిళ్ల వేశాం. పిల్లల క్యాన్సర్ వార్డుల్లో మెథోట్రెక్సేట్ ఎక్కించే తెలుగు నర్సుకు అది అమినోప్టెరిన్ తోబుట్టువనీ, అదే ప్రయోగశాల బిడ్డ అనీ చెప్పినవాళ్లున్నారా?

జిమ్మీ ఫండ్‌కు సైకిలు 1980లో తగిలింది. బిల్లీ స్టార్ అనే యువకుడి తల్లి 1974లో క్యాన్సరుతో పోయింది. అతను 35 మందిని వెంటబెట్టుకుని, తనతో కలిపి 36 మంది, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ప్రావిన్స్‌టౌన్ దాకా రెండు రోజులు సైకిలు తొక్కాడు. 10,200 డాలర్లు వచ్చాయి. ప్యాన్ మాస్ ఛాలెంజ్ అని పేరు. అదే ఏడాది కెనడాలో ఒంటికాలి టెర్రీ ఫాక్స్ క్యాన్సర్ పరిశోధన కోసం దేశమంతా పరిగెత్తడానికి బయల్దేరి 143 రోజుల తర్వాత ఆగిపోయాడు. ఓపికను డబ్బుగా మార్చే విద్యకు 1980 గొప్ప ఏడాది. ప్యాన్ మాస్ ఇప్పటిదాకా సమకూర్చింది వంద కోట్ల డాలర్లు దాటింది. అందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒక్కో జట్టుకు ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న ఒక పిల్లనో పిల్లవాడినో జత చేస్తారు. ఆ బిడ్డ ఎవరో తెలిసి తొక్కుతారు.

పిల్లల మెదడు కణితుల పేరుతోనే పుట్టిన మొదటి పెద్ద యాత్ర మాత్రం మోటారు సైకిళ్లది. 1984లో అట్లాంటాలో మైక్, డయాన్ ట్రేనర్ దంపతులు తోటి ఉద్యోగి బిడ్డకు మెదడులో కణితి ఉందని తెలిసి మొదలుపెట్టారు. అది రైడ్ ఫర్ కిడ్స్. దాంట్లోంచే 1991లో పిల్లల మెదడు కణితుల కోసం ప్రత్యేకంగా ఒక ఫౌండేషన్ నిలబడింది. డెన్మార్క్‌లో 2002లో రింకెబీ అనే పళ్లరసాల కంపెనీ వాళ్లు టూర్ డి ఫ్రాన్స్ చూడటానికి పారిస్ దాకా సరదాగా సైకిళ్ల మీద వెళ్లారు. ఖర్చులు పోను 38,000 క్రోనర్లు మిగిలితే ఒడెన్సే ఆసుపత్రి పిల్లల క్యాన్సర్ విభాగానికి ఇచ్చారు. ఆ మిగులు డబ్బే ఇవాళ ఉత్తర ఐరోపా దేశాలకు పాకిన ఉద్యమం.

అన్నిటిలోకీ నేను చేతులెత్తి మొక్కేది జర్మనీ వాళ్లకు. అక్కడ క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రులు కూడగట్టిన సంస్థ ఒకటుంది, జర్మన్ బాల క్యాన్సర్ ఫౌండేషన్ అనుకోండి. 1993 నుంచి ఏటా అది ఇంద్రధనుస్సు యాత్ర నడుపుతోంది. తొక్కేది ఎవరో కాదు, చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి బతికి బట్టకట్టినవాళ్లు. వందల కిలోమీటర్లు, ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి. ప్రతి చోటా సైకిలు దిగి, జుట్టూడి మంచం మీద ఉన్న పిల్లలకు తమను తాము చూపిస్తారు. మెదడు కణితి తీయించుకుని నడక తడబడినవాళ్లు మూడు చక్రాల సైకిలైనా తొక్కవచ్చు.

ఆ సంస్థ చందాలతో నడిచిన పరిశోధనల్లో ఒకటి 2005లో అచ్చయింది, మళ్లీ ఆ బోస్టన్ పత్రికలోనే. మూడేళ్ల లోపు పిల్లలకు మెడుల్లోబ్లాస్టోమా వస్తే ఆపరేషన్ తర్వాత తలకు రేడియేషన్ ఇవ్వవలసి వచ్చేది. ఎదిగే మెదడుకు రేడియేషన్ అంటే, ప్రాణం దక్కినా చదువూ తెలివీ దెబ్బతింటాయి. రేడియేషన్ లేకుండా మందులతోనే నెట్టుకురావచ్చా అని జర్మన్ డాక్టర్లు 43 మంది పసివాళ్ల మీద చూశారు. ఆ మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. రక్తంలోంచి మెదడులోకి అది సరిగా దూరదు. అందుకని తల చర్మం కింద చిన్న బుడగలాంటి పరికరం అమర్చి, దాని గుండా నేరుగా మెదడు లోపలి గదుల్లోకి పంపారు. ఆ తరహా పరికరాన్ని 1963లో కనిపెట్టినవాడు ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టిన న్యూరోసర్జన్ అయూబ్ ఒమ్మయా. భీమవరం మనిషి ప్రయోగశాల మందు, పాకిస్తానీ డాక్టరు బుడగ, జర్మన్ తల్లిదండ్రుల చందా! కణితి పూర్తిగా తీయగలిగి, ఎక్కడికీ పాకని పిల్లల్లో నూటికి 93 మంది అయిదేళ్ల తర్వాత బతికున్నారు. ఫార్బర్ పిల్లలకు దొరికింది కొన్ని నెలలు. ఈ రెండు వ్యాసాల మధ్య 57 ఏళ్లు. ఆ 57 ఏళ్లనూ నడిపించింది ప్రభుత్వాల డబ్బుతో పాటు ఇలాంటి చిల్లర డబ్బే.

ఇక మా వైపు వస్తాను. భిలాయ్ ఫర్నేసులకు ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనుల నుంచి వస్తుంది. అక్కడ చేతులతో రాయి కొట్టే కాంట్రాక్టు కార్మికులు 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది పోయారు. సంఘం ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. అప్పుడు వాళ్లు మన ఆసుపత్రి మనమే కట్టుకుందామని నిశ్చయించారు. కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకుని, షిఫ్టు దిగాక తామే ఇటుకలు మోసి కట్టారు. బయటి నుంచి విరాళం వద్దన్నారు. 1983 జూన్ 3న 15 పడకలతో షహీద్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. ఇక్కడ కూడా జూన్ 3! నియోగిని 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లోనే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆసుపత్రి మిగిలింది, పెరిగింది, నేటికీ నడుస్తోంది.

కాబట్టి చందా ఎలా వేయాలో మా ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. సైకిలు ఎలా తొక్కాలో అసలే నేర్పనక్కర్లేదు. ఈ రెండూ కలిసి పరిశోధన వైపు తిరగలేదు, అదే వెలితి. మన చందా ఎప్పుడూ ఒక ముఖాన్ని చూసి ఇచ్చేది. సెక్టార్లో ఎవరి పిల్లకో పొద్దున్నే తలనొప్పి, వాంతులు, నడిస్తే పక్కకు తూలడం. కళ్లద్దాలు మార్చి చూస్తారు, దిష్టి తీసి చూస్తారు. ఆఖరికి సెక్టార్ 9 ఆసుపత్రిలో స్కాన్. ఆ తర్వాత దుర్గ్ స్టేషన్లో ముంబయి రైలు, పరేల్‌లో టాటా ఆసుపత్రి, దగ్గర్లో ఎక్కడో అద్దె గది. ఆ ఇంటి కోసం వీధి వీధంతా డబ్బు వేసుకుంటుంది. వెయ్యాలి కూడా. ఇప్పుడైతే ఫోన్లో ఆ పాప ఫోటో, కింద కావలసిన మొత్తం. కానీ ఆ పాప ఫైలు మూసుకున్నాక వచ్చే ఏడు ఇంకో ఇంటి పాప మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కుతుంది. పాపల మధ్య తెలివిని చేరవేసేది పరిశోధన ఒక్కటే. దానికి ముఖం లేదు కాబట్టి మన దగ్గర చందా లేదు. బోస్టన్ వాళ్లు దానికి జిమ్మీ అని ఒక ముఖం పెట్టుకున్నారు.

పిల్లల క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ తర్వాతి స్థానం మెదడు కణితులదే. రక్త క్యాన్సర్‌ను డాక్టర్లు చాలావరకు లొంగదీశాక, అమెరికాలో 2014 నాటికి పిల్లల క్యాన్సర్ మరణాల్లో మెదడు కణితులే మొదటి కారణమయ్యాయి. మెదడు కాండంలో పుట్టే డీఐపీజీ అనే కణితి వచ్చిన పిల్లలు ఎక్కువమంది ఏడాది తిరగకుండానే పోతారు. చంద్రుడి మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన రెండేళ్ల కూతుర్ని 1962లో ఈ జాతి కణితికే పోగొట్టుకున్నాడు. దశాబ్దాల తరబడి దాని గురించి ఏమీ తెలియలేదు. కత్తి పెట్టలేని చోట ఉంటుంది, ముక్క తీసి చూడ్డానికి కూడా భయం. ఆ తలుపు తెరిచినది తల్లిదండ్రులే. పోయిన బిడ్డ మెదడులోని కణితిని పరీక్షకు తీసుకోండని కొందరు ఇచ్చారు. అలాంటి ముక్కల సాయంతోనే 2012లో హిస్టోన్ అనే ప్రోటీను జన్యువులో ఒక్క అక్షరం మారడం దీనికి మూలమని తేలింది. ఇప్పుడు ప్రయత్నిస్తున్న మందుల్లో చాలా ఆ అక్షరం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ తల్లిదండ్రులు ఇచ్చిన చందా ముందు ఏ సైకిల్ యాత్రా చాలదు.

మెడుల్లోబ్లాస్టోమా విషయంలోనూ ఇలాంటిదే. అది ఒక జబ్బు కాదు, నాలుగు అని 2012 నాటికి స్థిరపడింది. అందులో డబ్ల్యుఎన్‌టీ అనే రకం వచ్చిన పిల్లలు నూటికి 90 మందికి పైగా బతుకుతారు. ఎవరిది ఏ రకమో ముందే తెలిస్తే వాళ్లకు రేడియేషన్ తగ్గించగలమా అని ప్రపంచమంతా చూస్తోంది. నవీ ముంబయి ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్‌లో, ఈ రకాలను మన ఆసుపత్రుల్లో దొరికే కణితి ముక్కలతోనే తేల్చే పరీక్షను రూపొందించారు. చందా డబ్బు వెళ్లవలసింది ఇలాంటి చోటికి. పరీక్ష ఒక ప్రయోగశాల గోడ దాటి దుర్గ్, రాయపూర్, విశాఖ పిల్లల దాకా రావాలంటే కణితి ముక్కలు దాచే బ్యాంకులు కావాలి, పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి లెక్క రాసే మనుషులు కావాలి. ఇవి పెద్ద భవనాలు కావు. శిలాఫలకం వేసుకోవడానికి వీలున్నవీ కావు. అందుకే వీటికి దాతలు దొరకరు, చందాలే దిక్కు.

పద్ధతి కూడా తయారుగానే ఉంది. ఆస్ట్రేలియాలో 2013లో మొదలైన గ్రేట్ సైకిల్ ఛాలెంజ్‌కు ఒకచోట గుమికూడే పని లేదు. నెల రోజుల్లో ఇన్ని కిలోమీటర్లు తొక్కుతానని ఎవరి వీధిలో వాళ్లు మొక్కుకుంటారు, తెలిసినవాళ్లు కిలోమీటరుకు ఇంత అని వేస్తారు. డబ్బు పిల్లల క్యాన్సర్ పరిశోధనకు వెళుతుంది. ఎనిమిదేళ్ల పిల్లా తొక్కుతుంది, రిటైరైన తాతా తొక్కుతాడు. మా సెక్టార్ల రోడ్లు దీనికోసమే వేసినట్టు ఉంటాయి, వెడల్పుగా, రెండు వైపులా చెట్లతో. ఎండల్లో వద్దు. కార్తీకం నాటికి పొద్దున గాలి చల్లబడుతుంది, అప్పుడు మొదలుపెట్టాలి. కాలనీలో అప్పటికే ఒకరి బిడ్డ చికిత్సకు చందా పోగవుతుంటే దాన్ని ముట్టుకోకూడదు. ఇది వేరే డబ్బా, వేరే లెక్క. టాటా మెమోరియల్ సెంటర్ విరాళాలు తీసుకుని రసీదు ఇస్తుంది. చెక్కుతో పాటు ఒక ఉత్తరం జతచేసి, ఈ డబ్బు పిల్లల మెదడు కణితుల పరిశోధనకు వాడమని అందులో రాయాలి.